టికెట్ల లెక్క సరే, ప్రయాణాల లెక్క ఏదీ?

ఇబ్రహీంపట్నంలో పొద్దున్నే బస్సెక్కి, ఎల్బీనగర్‌లో దిగి, మరో బస్సు పట్టుకుని అమీర్‌పేటలో పనికి వెళ్లే మహిళ చేతిలో రెండు జీరో టికెట్లు, అంటే ఉచిత ప్రయాణానికి ఇచ్చే సున్నా రూపాయల టికెట్లు, ఉంటాయి. సాయంత్రం తిరుగుదారిలో ఇంకో రెండు. ఆమె వెళ్లొచ్చింది ఒక్క పనికి. ఆర్టీసీ పద్దులో మాత్రం నాలుగు ప్రయాణాలు. అదే బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ కుర్రాడు ‘పాస్’ అంటాడు. కండక్టర్ తలూపి ముందుకు జరుగుతాడు. టికెట్లు కొట్టే టిమ్ యంత్రంలో ఆ కుర్రాడి జాడ పడదు. ఇక కిక్కిరిసిన బస్సు ఆగకుండా వెళ్లిపోతే స్టాపులో మిగిలిపోయినవాళ్లు ఏ లెక్కలోకీ రారు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద మహిళల ఉచిత బస్సు ప్రయాణాలు 2025 జులైలో 200 కోట్లకు చేరాయి. వాటి విలువ రూ.6,680 కోట్లని ప్రభుత్వం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి అలాంటిదే స్త్రీశక్తి పథకం నడుస్తోంది. 200 కోట్లన్నది చిన్న అంకె కాదు. కానీ అది ఎందరు మహిళల ప్రయాణం? అందులో కొత్తగా ఉద్యోగానికి బయల్దేరినవారెందరు, ఆటో మానేసి బస్సెక్కినవారెందరు, రెండు బస్సులు మారక తప్పనివారెందరు? టికెట్ల సంఖ్య ఎంత పెరిగినా ఈ ప్రశ్నలకు జవాబు రాదు.

ఇందులో ఆర్టీసీని తప్పుపట్టడానికి లేదు. టికెట్ పుట్టింది డబ్బును కాపాడటానికి. ప్రయాణికుణ్ని అర్థం చేసుకోవడం దాని పని కాదు. అందుకే డిపోలో రోజూ నలిగే మాటలన్నీ రాబడి, ఖర్చుల చుట్టూనే తిరుగుతాయి: కిలోమీటరుకు ఎంతొచ్చింది (ఈపీకే), సీట్లు ఎంత నిండాయి (ఓఆర్), లీటరుకు ఎన్ని కిలోమీటర్లు (కేఎంపీఎల్). పాస్‌దారు రోజుకు ఇన్నిసార్లు ఎక్కుతాడని ఒక అంచనా వేసి కలిపేస్తారు. సంస్థను నడపడానికి ఈ లెక్కలు చాలు. దేశ రవాణా విధానాన్ని రాయడానికి చాలవు.

దేశ స్థాయిలో పరిస్థితి ఇంకా పలచన. కేంద్ర రోడ్డు రవాణా శాఖలోని పరిశోధన విభాగం రాష్ట్ర రవాణా సంస్థల పనితీరుపై సమీక్ష ప్రచురిస్తుంది. బస్సులు, సిబ్బంది, ఇంధనం, ఖర్చు, నష్టం అన్నీ అందులో ఉంటాయి. అయితే అది చేతికందేసరికి ఆ ఏడాది పాతబడిపోతుంది. పైగా అది చూసేది ప్రభుత్వ సంస్థల దగ్గరున్న సుమారు లక్షన్నర బస్సుల్నే. దేశంలో అత్యధిక బస్సులు ప్రైవేటువి, వాటి లెక్క అందులో లేదు. పల్లె నుంచి మండల కేంద్రానికి జనాన్ని చేరవేసే షేర్ ఆటో ఊసే ఉండదు. ఒక్క హైదరాబాద్‌లోనే బస్సు ఒక కేంద్ర శాఖ కిందికి, మెట్రో మరో శాఖ కిందికి, ఎంఎంటీఎస్ లోకల్ రైలు రైల్వే శాఖ కిందికి వస్తాయి. మూడూ మారి ఆఫీసుకు వెళ్లే మనిషి మూడు చోట్ల ముగ్గురుగా నమోదవుతాడు. పనికి ఎలా వెళ్తున్నారని జనాన్నే అడిగిన జనగణన 2011 నాటిది. తర్వాతి జనగణన 2027లో.

అమెరికాలో ఈ లెక్కకు చట్టమే ఉంది. 1974లో కాంగ్రెస్ చేసిన చట్టం నుంచి పుట్టిందే అక్కడి జాతీయ రవాణా గణాంక వ్యవస్థ. సూత్రం ప్రకారం పంచే ఫెడరల్ నిధులు తీసుకునే ప్రతి రవాణా సంస్థా ఏటా నిర్ణీత నమూనాలో లెక్క చెప్పాలి. పెద్ద సంస్థలైతే ప్రయాణికుల సంఖ్యను నెలనెలా కూడా ఇవ్వాలి. బలమంతా నిర్వచనాల్లో ఉంది. మనిషి బస్సెక్కిన ప్రతిసారీ ఒకటిగా లెక్కిస్తారు, ఆ సంగతి దాచకుండా ముందే చెబుతారు. ఎంత దూరం వెళ్లాడన్నది వేరే లెక్క, దాన్ని శాస్త్రీయ నమూనాతో అంచనా వేస్తారు. డిపో నుంచి మొదటి స్టేజీ దాకా ఖాళీగా తిరిగిన దూరాన్ని, మన ఆర్టీసీ భాషలో డెడ్ కిలోమీటర్లను, సేవలో కలపరు. 30 లేదా అంతకన్నా తక్కువ వాహనాలున్న చిన్న సంస్థలకు కుదించిన నమూనా సరిపోతుంది. లెక్క ఇవ్వకపోతే నిధుల్లో వాటా పోతుంది. అందుకే ఇస్తారు.

మన దగ్గర డబ్బు కదులుతోంది, లెక్క దాని వెంట కదలడం లేదు. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ 10 వేల ఎలక్ట్రిక్ బస్సుల పథకం. అంచనా వ్యయం రూ.57,613 కోట్లు, అందులో కేంద్రం వాటా రూ.20 వేల కోట్లు. కేంద్ర సాయం తిరిగిన కిలోమీటరును బట్టి వస్తుంది. ఖాళీగా తిరిగిన కిలోమీటరు, కిక్కిరిసి తిరిగిన కిలోమీటరు రెంటికీ ఒకటే రేటు.

నిధుల్ని లెక్కలకు ముడిపెడితే లెక్కలు పెంచి చూపే ఆశ పుడుతుందన్నది నిజమే. జీరో టికెట్‌లోనూ ఆ చిక్కుంది. ప్రభుత్వం చెల్లించేది ఆ టికెట్లను బట్టే. జనం మధ్య ఊపిరాడని కండక్టర్ దిగే స్టేజీ అడగకుండా చివరి స్టేజీ కొట్టేసినా, ఎక్కని మనిషికి టికెట్ చింపినా పద్దు పెరుగుతుంది. ఆ భయంతో లెక్క మానుకోనక్కర్లేదు. బయటివారితో తనిఖీ చేయించాలి. ప్రతి డిపోలో ఏటా కొన్ని ట్రిప్పుల్లో మనుషులు కూర్చుని ఎక్కిన, దిగిన వారిని లెక్కపెట్టి టిమ్ లెక్కతో పోల్చితే చాలావరకు తేలిపోతుంది. పాస్ కుర్రాడు అప్పుడే పద్దులోకి వస్తాడు.

చేయాల్సినవి కొండంత పనులేమీ కావు. బస్సు, మెట్రో, సబర్బన్ రైలుకు ఒకే నిర్వచనాలు. కేంద్ర నిధులు తీసుకునే ప్రతి సంస్థా నెలనెలా లెక్క బయటపెట్టాలన్న షరతు. చిన్న పట్టణాలకు తేలిక నమూనా. వ్యక్తిగత వివరాలేవీ లేకుండా, రూటు, స్టేజీ, సమయం వారీగా జీరో టికెట్ల లెక్క అందరికీ అందుబాటులో పెట్టడం. ఢిల్లీ 2018లోనే బస్సులు ఎక్కడున్నాయో చెప్పే సమాచారాన్ని బహిరంగం చేసింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ పల్లె నుంచి ఏ వేళకు మహిళలు ఎన్నిసార్లు బస్సెక్కుతున్నారో చెప్పగల పద్దు జీరో టికెట్ పుణ్యాన ఇప్పుడు చేతిలో ఉంది. దాన్ని రీయింబర్స్‌మెంట్ బిల్లుకు జతపరిచే కాగితంగా మిగల్చడం వృథా.

డ్యూటీ దిగిన కండక్టర్ టిమ్ యంత్రం అప్పగించి, నగదు సరిచూపి, లెక్క తేలాకే ఇంటికి వెళ్తాడు. పైకం తక్కువైతే తన జేబులోంచి కట్టాలి. ఆ లెక్క రోజూ రాత్రికే తేలుతుంది. దాని మీద ఆధారపడ్డ దేశపు లెక్క ఏళ్లు గడిచినా తేలకపోతే, ఆ తేడా కట్టేది స్టాపులో మిగిలిపోయినవాళ్లే.