బీగం మాకు... బెడ్లు ఎవరికి?

కరోనా పోయింది కదా, ఇప్పుడు ఆ లెక్కలెందుకని కొందరు అంటున్నారు. ఇప్పుడు అడగకుంటే రేపు ఇంకో రోగం వచ్చినప్పుడూ ఇదే గతి. అందుకే అడుగుతున్నాం.

2020 మార్చి 25న దేశానికి బీగం వేశారు. ఏప్రిల్ 1న ఒక్కరోజే కడప జిల్లాలో 15 కేసులు బయటపడ్డాయి. ప్రొద్దుటూరు రెడ్‌జోన్ అయింది. రెండో బొంబాయి అని పేరుపడిన ఊళ్లో బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు మూతబడ్డాయి. మగ్గం ఆగింది. జమ్మలమడుగు రైతు శనగలు ఇంట్లో పెట్టుకుని కొనేవాడి కోసం ఎదురుచూశాడు. పులివెందులలో అరటి గెలలు చెట్టుమీదే మాగాయి. అయినా ఎదురు చెప్పలేదు. కడుపు కట్టుకుని ఇంట్లో కూర్చున్నాం.

లాక్‌డౌన్ తప్పని మేం అనడం లేదు. మనుషులు కలవకుంటే రోగం పాకడం నెమ్మదిస్తుంది. ముగ్గురికి అంటించేవాడు ఒకరికే అంటిస్తాడు. పది రోజుల్లో ఆసుపత్రి మీద పడాల్సిన రోగులు నెల రోజుల్లో వస్తారు. అంతేగానీ లాక్‌డౌన్ రోగాన్ని చంపదు, గడువు ఇస్తుంది. పైగా బీగం వీధికే. మగ్గం, పొయ్యి, పడక ఒకే గదిలో ఉన్న నేతగాని ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్లు ఎక్కడికి పోవాలి? కాబట్టి ఆ గడువులోనే పరీక్షలు పెంచాలి, రోగిని వేరుగా ఉంచే చోటు చూపాలి, ఆక్సిజన్ సిద్ధం చేయాలి.

మా కూలి, మా పంట పోగొట్టుకుని ఆ గడువును కొన్నది మేము. దాంతో మాకేం చేశారు?

మొదట్లో కడపలో పరీక్ష చేసే ల్యాబు లేదు, నమూనా తిరుపతికి పోవాలి. ఆంక్షలు సడలించాక, జూలై 29న రాష్ట్రంలో ఒక్కరోజు కేసులు పదివేలు దాటాయి. 2021 మే 5 నుంచి మధ్యాహ్నం 12 తర్వాత మళ్లీ కర్ఫ్యూ. అప్పటికి ఏడాది గడువు దొరికింది. మే 10న తిరుపతి రుయాలో, తమిళనాడు నుంచి రావాల్సిన ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యమై, సర్కారు లెక్క ప్రకారమే 11 ప్రాణాలు పోయాయి. అదే నెలలో కర్నూలు దాటాక పుల్లూరు దగ్గర తెలంగాణ పోలీసులు మన అంబులెన్సులను ఆపారు. హైకోర్టు స్టే ఇస్తే గానీ దారి వదల్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో అందరి సొమ్ముతో పెరిగిన హైదరాబాదు గేటు మన మొహానే వేసింది!

వందేళ్లకు ముందే పరాయి దేశపు మిషనరీలు జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి కట్టారు. మన పాలకులకు ఆ పాటి బుద్ధి లేకపోయిందా? కడపకు రిమ్స్ వచ్చింది, కాదనం. ఎయిమ్స్ మాత్రం మంగళగిరికి పోయింది. 2024లో పులివెందుల వైద్య కళాశాలకు 50 సీట్లు మంజూరైతే, వసతులు లేవంటూ రాష్ట్ర ప్రభుత్వమే వద్దని లేఖ రాసింది. వసతులు కల్పించాల్సింది ఎవరయ్యా? సీమ నుంచి ముఖ్యమంత్రులు ఎందరో అయ్యారు. కుర్చీ ఎక్కినవాడు సీమవాడైనా ఖజానా తాళం చెవి సీమ చేతికి రాలేదు. 1937 శ్రీబాగ్ ఒప్పందంలో నీళ్ల మాట ఏమైందో, ఆసుపత్రుల మాటా అంతే అయింది.

సీమ బిడ్డలారా! మళ్లీ రోగం వస్తుంది, మళ్లీ బీగం వేస్తారు. ఆ రోజు దొరికే గడువు మన ఊళ్లో ఆక్సిజన్‌గా, బెడ్డుగా, డాక్టరుగా మారాలంటే మన డబ్బు మీద మన నిర్ణయమే నడవాలి. అది ప్రత్యేక రాయలసీమ రాష్ట్రంలోనే సాధ్యం. అడుక్కోవడం చాలు. కదలండి!