తల ఊపితే ఏమైనట్టు?

"ఇంకా అన్నం తినలేదా?" గుమ్మంలో నిలబడి అమ్మ అడుగుతుంది. టీవీ నుంచి కళ్లు తిప్పకుండానే చంటిగాడు తల నిలువుగా ఊపుతాడు. తిన్నట్టా... తిననట్టా? 'అవును, తినలేదు' అని కావచ్చు. 'తినేశాను' అనీ కావచ్చు!

ఒకే ఇంట్లోనే ఇలా ఉంటే, దేశం మారితే చెప్పేదేముంది? బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవునని, నిలువుగా ఊపితే కాదని అర్థం. 1877-78 నాటి రష్యా-టర్కీ యుద్ధంలో బల్గేరియా వెళ్లిన రష్యా సైనికులకు దీంతో తలనొప్పి వచ్చిపడిందని భాషావేత్త రోమన్ యాకబ్సన్ రాశారు. పోనీ అక్కడి పద్ధతిలోనే తల ఊపుదామని సైనికులు చూస్తే, 'ఇతను తన లెక్కన ఊపాడా, మన లెక్కన ఊపాడా' అని బల్గేరియన్లకు కొత్త అనుమానం!

మరి ఆ ఊపులో నిజం ఎక్కడుంది? వాక్యం నిజమా, అబద్ధమా అన్నదే దాని 'సత్యవిలువ'. ఒకప్పుడు పదో తరగతి లెక్కల పుస్తకంలో చదువుకున్నదే. ఈ భావనను 1891లో ముందుకు తెచ్చింది జర్మన్ తత్వవేత్త ఫ్రేగే. తల ఊపుకు విడిగా సత్యవిలువ ఉండదు. ప్రశ్నతో కలిస్తేనే అది వాక్యమవుతుంది. అప్పుడే నిజమో అబద్ధమో తేలేది.

ఇదేదో పండితుల చర్చ అనుకోవద్దు. 1885లో అలహాబాదు హైకోర్టు ముందుకు ఒక హత్య కేసు వచ్చింది. గొంతు తెగి మాట పోయిన ఒక మహిళ, చనిపోయే ముందు అధికారుల ప్రశ్నలకు చేతి సైగలతో జవాబిచ్చింది. నోటి మాటే లేనప్పుడు అది వాంగ్మూలం ఎలా అవుతుంది? వేసిన ప్రశ్న, చేసిన సైగ... రెండూ కలిస్తే మాటతో చెప్పినట్టేనని ఫుల్ బెంచ్ తేల్చింది. 2017లో నిర్భయ కేసులోనూ సైగలతో ఇచ్చిన మరణ వాంగ్మూలాన్ని సుప్రీంకోర్టు అంగీకరించింది.

అంటే, జవాబులో సగం బరువు ప్రశ్నదేనన్నమాట. ఆసుపత్రి మంచం మీద మాట్లాడలేని తాతయ్యను "నొప్పేం లేదుగా?" అంటే ఆయన తల ఊపుతారు. లేదనా, ఉందనా? "నొప్పి ఉందా?" అని సూటిగా అడగండి. కాసేపాగి "తగ్గిందా?" అని మరోసారి అడగండి. రెండు జవాబులూ పొసిగితే సరే, లేదంటే మళ్లీ అడగాల్సిందే.

ఏమడిగినా తలూపేది గంగిరెద్దు. మనిషి తలూపితే మాత్రం, మనం ఏమడిగామో ఒకసారి గుర్తుచేసుకోవాలి.