పొగ లేని నిప్పులే ఎక్కువ ప్రమాదం



చలి రోజులు వచ్చాయి. మన లంబసింగి వైపు కొన్ని రాత్రులు చలి సున్నా డిగ్రీల దగ్గరకి దిగిపోతాది. ఇలాంటప్పుడు నిప్పు ఎవరికి వద్దు? కాని తలుపులు మూసుకుని నిప్పుల పక్కన పడుకోవడం తప్పు అని నా అభిప్రాయం. ఎందుకో మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

పోయిన సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లాను. మా వదిన బాలింత. పాపకి 20 రోజులు. మా కొత్త స్లాబు ఇంట్లో వదిన మంచం కింద గమేళాతో బొగ్గు నిప్పులు పెట్టారు. చలిగాలి వస్తోందని కిటికీ సందుల్లో గోనెసంచులు కుక్కింది నేనే. పొగ రావడం లేదు, ఇంక భయమేమిటి అనుకున్నాను.

అర్ధరాత్రి వదిన వాంతి చేసుకుంది. నాకు తల పగిలిపోతోంది, లేస్తే కాళ్లు నిలవడం లేదు. పాప పాలు తాగలేదు, ఏడవను కూడా లేదు. మా అవ్వ "దెయ్యం సోకింది, గురువుని పిలవండి" అంది. అన్న తలుపు తీసి అందరినీ బయటికి తెచ్చాడు. చల్లగాలి తగిలిన కాసేపటికి పాప ఏడ్చింది. ఆ ఏడుపు విని అమ్మ కూడా ఏడ్చీసింది. ఆస్పత్రిలో డాక్టరు గారు ఇది దెయ్యం కాదు, బొగ్గుల విషవాయువు అన్నారు.

దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. గాలి చాలక బొగ్గు సరిగా కాలకపోతే పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లు లేవకుండానే చనిపోవచ్చు. కడుపుతో ఉన్నవాళ్లకి, పసిపిల్లలకి ఇంకా ప్రమాదం. పక్కన నీళ్ల గిన్నె పెట్టినా ఆగదు. పైన బూడిద కప్పినా లోపల బొగ్గు కాలుతూనే ఉంటాది.

"మా కాలంలో రాత్రంతా పొయ్యి వెలిగేది, ఎవరికేమయింది?" అని అవ్వ అడిగింది. అవ్వ మాట అబద్ధం కాదు. గడ్డి ఇంట్లో గోడకీ కప్పుకీ మధ్య సందు ఉంటాది. గాలి ఆడుతుంది. స్లాబు ఇంట్లో ఆ సందు లేదు. ఇల్లు మారింది, మన అలవాటు మారలేదు.

అందుకే వాకిట్లో చలి కాగండి, నీళ్లు పోసి ఆర్పి లోపలికి రండి. బాలింత గదిలో కూడా నిప్పులు వద్దు, దుప్పట్లు కప్పండి. నిప్పులున్న గదిలో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే వెంటనే బయటికి తెచ్చి 108కి ఫోన్ చెయ్యండి.

హాస్టల్లో కూడా కొందరు వంటగది నిప్పులు గదిలోకి తెద్దామంటున్నారు. తేవొద్దు. మేడమ్ గార్లకి ఒక మనవి. తిట్టడం ఒక్కటే చాలదండి. చిన్న పిల్లలకి రెండో దుప్పటి ఇప్పిస్తే నిప్పులు ఎవరూ అడగరు.

మన అమ్మానాన్నలు చాలామంది ఈ గోడ దగ్గరకి రారు, వచ్చినా చదవలేరు. చదివిన మనమే ఇంటికెళ్లి చెప్పాలి. నేను మా అవ్వకి చెప్పాను. మీరు ఎవరికి చెప్తారు?

– 9వ తరగతి విద్యార్థిని