మస్కోవీ బాతు పిల్లల్ని ‘జత’గా కొనకండి, జతగా అమ్మకండి

పైన పెట్టిన వీడియోలో ఎనిమిది వారాల మస్కోవీ పిల్లలు పదకొండు ఉన్నాయి. వీడియో ఆపకుండా చూసి మగవి ఎన్ని, ఆడవి ఎన్ని అని మీరే లెక్కపెట్టండి. పెద్ద కష్టమేమీ కాదు. ఇప్పుడు అదే వీడియో మొదట్లో, అవే పిల్లలు మూడు రోజుల వయసులో ఉన్నప్పటి ముక్క చూడండి. ఏది మగదో చెప్పగలరా? పిల్లల్ని అమ్మే నేనే చెప్పలేను. బయట నుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

అయినా వాట్సాప్ గ్రూపుల్లో రోజూ చూస్తున్నాం. ‘మస్కోవీ జత, పది రోజుల పిల్లలు, ఒకటి మగ ఒకటి ఆడ గ్యారంటీ.’ విడిగా రెండు పిల్లలు కొంటే ఒక రేటు, జత అంటే ఇంకో రేటు. ఆ ఎక్కువ తీసుకునే డబ్బు దేనికో నాకు అర్థం కాదు. ఎనిమిది వారాలు దాటని మస్కోవీని జత పేరుతో అమ్మడం మన రైతులందరం మానేయాలని నా అభిప్రాయం. కొనేవాళ్ళు అడగడం కూడా మానేయాలి.

అసలు ఈ గందరగోళం ఎక్కడ మొదలవుతుందంటే, మనకి తెలిసిన బాతు వేరు, ఇది వేరు. కొల్లేరు చుట్టుపక్కల, గోదావరి జిల్లాల్లో, నెల్లూరు వైపు కోతలయ్యాక పొలాల్లో తోలుకెళ్ళే నాటు బాతుల్ని మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. వాటిలో మగదానికి తోక మీద ఒకటి రెండు ఈకలు పైకి ఉంగరంలా తిరిగి ఉంటాయి. ఆడది గట్టిగా ‘క్వాక్ క్వాక్’ అని అరుస్తుంది, మగదాని గొంతు బొంగురుగా ఉంటుంది. ఈ రెండు గుర్తులూ మస్కోవీకి పనిచేయవు. ఇది అసలు ఆ జాతే కాదు. మధ్య, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, కొలంబస్ వెళ్ళకముందే అక్కడి ఆదివాసులు మచ్చిక చేసుకున్న పక్షి. దీని మగదానికి తోక ఉంగరం ఎప్పటికీ రాదు. నాటు బాతుల లెక్కన చూసేవాళ్ళకి మస్కోవీలన్నీ ఆడవిగానే కనిపిస్తాయి. ‘ఉంగరం లేదు చూడండి, ఆడదే’ అని మగదాన్ని అంటగట్టడం ఎంత తేలికో చూడండి. అమ్మేవాడు మోసగాడే అయి ఉండాలని కూడా లేదు, వాడికే తెలియకపోవచ్చు.

ఇక గుడ్డు మొన తేలి ఉంటే మగ, గుండ్రంగా ఉంటే ఆడ అనీ, పిల్లని కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీస్తే తెలిసిపోతుందనీ, దారానికి ఉంగరం కట్టి ఊపితే తెలుస్తుందనీ వీడియోలు తిరుగుతున్నాయి. ఎలా చెప్పినా సగం సార్లు నిజమవుతుంది కదా, ఉన్నవి రెండే రకాలు. ఆ సగం సార్లు చూసి నమ్మేస్తున్నాం.

చిన్నప్పుడే తెలుసుకునే దారులు లేవని కాదు. బాతుల్లో మగదానికి జననాంగం ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజుల పిల్లకి మలద్వారం మెల్లగా తెరిచి చూస్తే తెలుస్తుంది. పెద్ద హేచరీల్లో అలాగే చేస్తారు. చెయ్యి తిరిగినవాళ్ళ పని అది. వీడియో చూసి ఇంట్లో ప్రయత్నిస్తే పిల్లకి లోపల దెబ్బ తగులుతుంది, నా మాట విని చెయ్యకండి. ఈకతోనో, రక్తపు చుక్కతోనో డీఎన్ఏ పరీక్ష ఉంది. రెండు పిల్లల కోసం ఎవరు చేయిస్తారు?

మూడో దారి నాకు నచ్చింది, కానీ మన దగ్గర దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. మస్కోవీలో చాక్లెట్ రంగు ఉంది చూడండి, ఆ జన్యువు లింగ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడ పిల్లకి అది తండ్రి నుంచే వస్తుంది. కాబట్టి చాక్లెట్ మగదాన్ని నల్ల పెట్టలకి వేస్తే పుట్టే ఆడ పిల్లలన్నీ చాక్లెట్, మగ పిల్లలన్నీ నలుపు. పుట్టిన రోజే తెలిసిపోతుంది. తిప్పి వేస్తే, అంటే నల్ల మగదాన్ని చాక్లెట్ పెట్టకి వేస్తే మాత్రం ఇది పనిచేయదు. తెల్ల రంగు కలిసిన గుంపులో కూడా తేడా కనపడకుండా పోతుంది. ‘పుట్టగానే జత గ్యారంటీ’ అనేవాళ్ళని తల్లి ఏ రంగు, తండ్రి ఏ రంగు అని అడగండి. జవాబు వస్తే సరే.

మిగతా అందరికీ ఉన్నది ఓపిక, ఒక కాటా. మస్కోవీలో ఉన్నంత బరువు తేడా మామూలు బాతుల్లో ఉండదు. పెద్దయ్యాక మగది 4 నుంచి 6 కిలోలు తూగుతుంది, ఆడది 2 నుంచి 3 కిలోలే. ఆ తేడా మూడు నాలుగు వారాల నుంచే మొదలవుతుంది. మగ పిల్లకి కాళ్ళు లావు, పాదాలు వెడల్పు, తల పెద్దది, ముక్కు మొదలు దగ్గర వెడల్పుగా ఉంటుంది. ఆడ పిల్లకి ఈకలు ముందే నిండుతాయి. మగది ఒళ్ళు పెంచుకునే పనిలో ఉండి ఈకల్లో వెనకబడుతుంది. నాలుగో వారం, ఆరో వారం, ఎనిమిదో వారం కాలికి రంగు దారం కట్టి తూకం రాసుకోండి (దారం ప్రతి వారం వదులు చెయ్యాలి, లేకపోతే కాలికి కోసుకుపోతుంది). ఎనిమిదో వారానికి కాగితం మీద రెండు గుంపులు వాటంతటవే విడిపోతాయి. తర్వాత గొంతు కూడా చెప్తుంది. మగది బుసకొడుతుంది, ఆడది సన్నగా పిప్ పిప్ మంటుంది. ముఖం మీద ఎర్రటి బుడిపెలు మగదానికి ఎక్కువగా వస్తాయి, కానీ వాటి కోసం ఆగితే ఇంకా ఆలస్యం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పోల్చేది ఒకే రోజు పుట్టిన, ఒకే మేత తిన్న పిల్లల మధ్యే. పది రోజుల తేడా ఉన్న రెండు బ్యాచ్‌లు కలిపేస్తే ఈ లెక్కంతా పోతుంది. నూకలు, తవుడు మాత్రమే వేసి పెంచితే మగ పిల్ల కూడా గిడసబారి ఆడదానిలా కనిపిస్తుంది. బాతు పిల్లకి మొదటి వారాల్లో మాంసకృత్తులు కావాలి, నియాసిన్ కోడిపిల్ల కంటే ఎక్కువ కావాలి. అది తక్కువైతే కాళ్ళు వంకర పోతాయి. అజొల్లా, పురుగులు, మేతలో కొంచెం ఈస్ట్ ఇచ్చేవాళ్ళకి ఆరో వారంలోనే తేడా తెలిసిపోతుంది.

మగదో ఆడదో, తర్వాత తెలిస్తే కొంప మునిగిందా అని అడుగుతారు. పశువుల పాక దగ్గర ఈగలు తినడానికీ, తోటలో గడ్డీ నత్తలూ తినడానికీ అయితే ఏదైనా ఒకటే. ఈగలు పట్టడంలో దీని పనితనం మీద కెనడాలో 1990లోనే పరిశోధన అచ్చయింది. కానీ మన చిన్న రైతు జత కొనేది మంద పెంచుకుందామని. మస్కోవీ ఆరేడు నెలలకి గుడ్డు పెడుతుంది. రెండూ మగవని అప్పటికి గానీ తేలకపోతే సంవత్సరంలో సగం పోయింది. రోజుకి 150 గ్రాముల దాణా అనుకున్నా ఆర్నెల్లకి ఒక్కోటి 27 కిలోలు తిన్నది. ‘పోనీలే, నాటు పెట్టలకి వేద్దాం’ అంటారు. పిల్లలు పుడతాయి, బాగా పెరుగుతాయి కూడా, కానీ అవి గొడ్డువి. మంద అక్కడితో ఆగిపోతుంది. ఒక మగదానికి నాలుగైదు పెట్టలు ఉండాలి. రెండు మగవాటి మధ్య ఒక్క పెట్ట ఉంటే దాని మెడ మీద ఈకలు మిగలవు.

జత నిజంగానే జత అయినా నాకు అభ్యంతరమే. ఒకే పొదుగులో వచ్చిన పిల్లలు అన్నాచెల్లెళ్ళు. వాటి పిల్లల్ని మళ్ళీ వాటితోనే కలుపుతూ పోతే మూడో తరానికి గుడ్లు పొదగడం తగ్గుతుంది, పిల్లలు బలహీనంగా వస్తాయి. జత అనేది పావురాల మాట, దీనికి తెచ్చి తగిలించాం. ఇది జంట కట్టి బతికే పక్షి కాదు.

మరి అమ్మేవాళ్ళు ఎందుకు జత అంటారు? పొదిగిన వాటిలో దాదాపు సగం మగవి వస్తాయి. వాటిని ఎవరు కొంటారు? జత పేరు పెడితే రెండూ పోతాయి. అంటే అసలు సమస్య మగ పిల్లలు. వాటిని విడిగా పన్నెండు వారాలు దాటేదాకా మేపి మాంసానికి కిలో లెక్కన అమ్మితే నష్టం ఏమీ లేదు, పెరిగేది అవే కదా. ఆ పని చేసే ఓపిక లేక కొనేవాడి మీదకి తోసేస్తున్నాం.

మా దగ్గర పద్ధతి ఇది. నెల లోపు పిల్ల కావాలంటే ఏరకుండా, మగ ఆడ చెప్పకుండా, ఒకే రేటుకి ఇస్తాం. ఆరు తీసుకోమంటాం, రెండు మూడు ఆడవి వచ్చే అవకాశం గట్టిగా ఉంటుంది. ఎనిమిది వారాలు దాటిన పెట్ట కావాలంటే రేటు ఎక్కువే, ఆ మేత ఖర్చు మేం పెట్టాం కాబట్టి. తేడా వస్తే మార్చి ఇస్తాం. మగది మాత్రం వేరే ఊరి నుంచి, వేరే రైతు దగ్గర తెచ్చుకోమని చెప్తాం. ఇలా చెప్పినందుకు బేరాలు కొన్ని పోతున్నాయి, పోనీ.

చాక్లెట్ మగదాన్ని నల్ల పెట్టలకి వేసిన గుడ్లు ఇప్పుడు పొదుగులో ఉన్నాయి. మస్కోవీకి 35 రోజులు పడుతుంది, మామూలు బాతులా 28 కాదు. పిల్లలు బయటికి వచ్చిన రోజు రంగులు చూపిస్తూ వీడియో పెడతాను, ఎనిమిదో వారం అవే పిల్లల్ని కాటా మీద పెట్టి ఇంకోటి.