పొగాకు డబ్బులూ, పది సెకన్ల షాటూ

జంగారెడ్డిగూడెం నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఇంటర్ అయిపోయింది. చిన్నప్పట్నుంచీ బొమ్మలు వేస్తాడు. ఇప్పుడు ఫోన్లోనే బుల్లి బుల్లి యానిమేషన్లు చేసి రీల్స్‌లో పెడుతున్నాడు. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రెండేళ్ల డిప్లొమాకి రెండు లక్షల ఎనభై వేలు చెప్పారట.

"వేలంలో బేళ్లు అమ్మాక కడతానంటున్నారు నాన్న. మా పెద్దమ్మగారబ్బాయేమో కోర్సు ఎందుకురా, నాకు తెలిసిన స్టూడియోలో చేరిపో, నెలకి ఎనిమిది వేలిస్తారు, పనే అన్నీ నేర్పేస్తుంది అంటున్నాడు. ఏం చెయ్యమంటారన్నయ్యా?"

మెట్ట ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ల కోసం చెప్తున్నా. జంగారెడ్డిగూడెంలో పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. నారు పోసిన దగ్గర్నుంచి బ్యారన్‌లో ఆకు కాలేదాకా ఇంటిల్లిపాదీ పడ్డ కష్టానికి అక్కడే రేటు కడతారు. కాబట్టి ఆ రెండు లక్షల ఎనభై వేలు వట్టి అంకె కాదు. ఈ తమ్ముడికి ఆ సంగతి తెలుసు, అందుకే అడుగుతున్నాడు.

ముందు అన్నయ్యగారి స్టూడియో సంగతి చూద్దాం. కొత్తగా చేరినవాళ్లకి ఎక్కువగా ఇచ్చే పని రోటో. అంటే సినిమా షాటులో హీరోని వెనకాల ఉన్న సీను నుంచి వేరు చెయ్యడం. చెయ్యీ, చొక్కా అంచూ, గాలికెగిరే జుట్టూ... అన్నిటి చుట్టూ గీత గీసుకుంటూ పోవాలి. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. అయిదు సెకన్ల షాటు అంటే 120 ఫ్రేములు. సాఫ్ట్‌వేర్ కొంత సాయం చేస్తుంది గానీ, ప్రతి ఫ్రేమూ కంటితో చూసుకోవాల్సిందే. దీన్ని తక్కువ చేసి మాట్లాడను. 'ఈగ' సినిమాకి స్పెషల్ ఎఫెక్ట్స్‌లో హైదరాబాద్‌కి చెందిన మకుట సంస్థకి జాతీయ అవార్డు వచ్చింది. అలాంటి పనుల వెనక ఇలా ఓపిగ్గా కూర్చునే కుర్రాళ్లు చాలామందే ఉంటారు.

స్టూడియోలో నేర్చుకునేది కూడా తక్కువేం కాదు. ఫైలుకి పేరు ఎలా పెట్టాలి, 'రేపు పొద్దున్నకి కావాలి' అంటే నిజంగా ఏ టైముకి, సూపర్‌వైజర్ ఏడోసారి వెనక్కి పంపితే మొహం ఎలా పెట్టాలి... ఇవి ఏ క్లాసులోనూ రావు. కానీ రోటోలో కూర్చున్నవాడికి యానిమేషన్ దానంతటది రాదు. ఒక మనిషి కుర్చీలోంచి లేచేటప్పుడు బరువు ఏ కాలి మీద పడుతుంది, కోపంగా తలుపు వేసినవాడి భుజం ఎలా కదులుతుంది, ఇదంతా వేరే విద్య. నాకు తెలిసిన ఒకతను రోటోలో చేరి నాలుగేళ్లకీ రోటోలోనే ఉన్నాడు. ఇప్పుడు ఏఐ టూల్స్ మొట్టమొదట మింగుతున్నది కూడా అలాంటి పనినే.

పైగా ఎనిమిది వేలంటే హైదరాబాద్‌లో హాస్టలుకీ తిండికీ చాలవు. మిగతాది ఎవరు పంపాలి? మళ్లీ నాన్నే. అంటే ఉద్యోగంలో చేరినా ఫీజు కడుతున్నట్టే, రసీదు ఇవ్వరంతే.

సరే, కోర్సు మంచిదేమో అనుకుంటే, నేను కోర్సు చేసి వచ్చినవాణ్ణే. ఎక్కడో పేరెందుకులెండి. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి కట్టిన ఫీజు అది. ఏ బటన్ నొక్కితే ఏమొస్తుందో నేర్పారు. నేర్పిన సారు అంతకు ముందు బ్యాచ్ స్టూడెంటే! చివర్లో అందరం డెమో రీల్ చేశాం. ఇంటర్వ్యూకి వెళ్తే అక్కడి లీడ్ నా రీల్ పది సెకన్లు చూసి, "ఈ రోబోని పొద్దుట్నుంచి నాలుగోసారి చూస్తున్నా" అన్నారు. క్లాసంతా ఒకే రోబో చేశాం మరి. సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత వేరేచోట చిన్న పనిలో చేరితే, ఒక సీనియర్ నాతో పదిరోజులు ఎగిరే బంతి ఒక్కటే చేయించారు. రోజూ సాయంత్రం చూసేవారు. "ఇది బంతి కాదు, బెలూను. బరువేదీ?" అనేవారు. ఆ పదిరోజుల్లో నేర్చుకున్నది ఆ ఏడాది మొత్తంలో నేర్చుకోలేదు. స్కూలా, ఉద్యోగమా అని ఎవరడిగినా నాకు ఆయనే గుర్తొస్తారు. నీ పని రోజూ చూసి, తప్పెక్కడుందో చెప్పే మనిషి ఎక్కడుంటే అక్కడికెళ్లాలి. అది కాలేజీయా, స్టూడియోనా అన్నది తర్వాతి సంగతి.

మన గోదావరి జిల్లాల్లోనే చూడండి. రాజమండ్రి కుర్రాడు దామెర్ల రామారావు బొమ్మలు చూసి, అక్కడి కాలేజీలో పనిచేసే ఆంగ్లేయుడు కూల్డ్రే బొంబాయి జేజే స్కూలు దాకా చేర్చారు. దామెర్ల అక్కడ చదువుకుని తిరిగొచ్చి, సొంతూళ్లోనే బొమ్మల బడి పెట్టి పదిమందికి నేర్పారు. 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయారు గానీ, ఆయన పేరుతో గ్యాలరీ ఇప్పటికీ రాజమండ్రిలో ఉంది. వీలైతే ఒకసారి చూసిరా తమ్ముడూ, బస్సెక్కితే చాలు. ఇక నరసాపురంలో పుట్టిన బాపు గారు మద్రాసులో చదివింది లా. ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా, తర్వాత అడ్వర్టైజింగ్ కంపెనీల్లో పనిచేస్తూనే గీత మెరుగుపెట్టుకున్నారు. ఆయన బొమ్మల స్కూల్లో చదవలేదు కదా అని ఈమధ్య ప్రతివాడూ ఉదాహరణ చెప్తున్నాడు. సరే గానీ, పత్రికలో పనంటే ఎడిటర్‌కి నచ్చాలి, టైముకి ఇవ్వాలి, తెల్లారేసరికి జనం చూస్తారు. అంతకంటే కఠినమైన బడి ఏముంటుంది?

ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. 'ఛోటా భీమ్' తీసిన రాజీవ్ చిలక అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి యానిమేషన్ చదివి, హైదరాబాద్ వచ్చి గ్రీన్ గోల్డ్ పెట్టారు. 2025లో ఆస్కార్ కొట్టిన 'ఫ్లో' సినిమా డైరెక్టర్, లాత్వియాకి చెందిన గింట్స్ జిల్బలోడిస్, ఫిల్మ్ స్కూలుకి వెళ్లలేదు. అంతకుముందు 'అవే' అనే సినిమా మొత్తం ఒక్కడే కూర్చుని చేసుకున్నాడు. 'ఫ్లో' చేసింది బ్లెండర్‌లో. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అది. అలా ఒంటరిగా ఏళ్లతరబడి కూర్చోవాలంటే ఇంట్లో అన్నం పెట్టేవాళ్లు ఉండాలనుకోండి, అది వేరే విషయం.

ఒక భయం మాత్రం దాచకుండా చెప్పాలి. 'లైఫ్ ఆఫ్ పై' సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చిన నెలలోనే, అంటే 2013 ఫిబ్రవరిలో, ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ దివాలా పిటిషన్ వేసింది. వాళ్లకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ కూలిపోతే బెంగళూరు, ముంబైలలో వేలమంది రోడ్డున పడ్డారు. వాళ్లలో పెద్ద సర్టిఫికెట్లున్నవాళ్లూ ఉన్నారు, పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు. అలాంటి రోజున, ఒక్క పని మాత్రమే వచ్చినవాడికి ఇంకో చోటు దొరకడం మరీ కష్టం.

అందుకని తమ్ముడూ, నా మాట ఇది. ఆ ఇన్‌స్టిట్యూట్‌కి ఇప్పుడే డబ్బు కట్టొద్దు. అన్నయ్యగారి స్టూడియోకీ ఇప్పుడే వెళ్లొద్దు. నాలుగు నెలలు ఇంట్లోనే ఉండు. కాస్త గట్టి లాప్‌టాప్ ఎవరిదైనా దొరికితే బ్లెండర్ వేసుకో, లేకపోతే ఫోనే చాలు. బంతితో మొదలుపెట్టు. తర్వాత నడక. మంగళవారం గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడి దగ్గర ఒక గంట కూర్చుని జనం నడక చూడు. బామ్మ నడక వేరు, పిల్లాణ్ణి భుజానికెత్తుకున్న నాన్న నడక వేరు. పుస్తకంలో గబగబా గీసుకో. ఆఖరికి పది సెకన్ల షాటు ఒకటి చెయ్యి: ఒక మనిషి పొగాకు బేలు ఎత్తి వీపున వేసుకుని నాలుగడుగులు వెయ్యాలి. బేలు బరువు చూసేవాడికి తెలియాలి. రోబోలు వద్దు.

ఆ షాటు పట్టుకుని స్టూడియోల్ని అడుగు. యానిమేషన్ విభాగంలో ట్రైనీగా తీసుకుంటామంటే జీతం తక్కువైనా వెళ్లిపో. రోటో మాత్రమే ఇస్తామంటే ఏడాది గడువు పెట్టుకుని వెళ్లు, రాత్రిళ్లు నీ పని మానొద్దు. అసలు బొమ్మ పునాదే చాలట్లేదని నీకే అనిపిస్తే అప్పుడు చదువు, కానీ ముందు యూనివర్సిటీల వైపు చూడు. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో యానిమేషన్‌లో బీఎఫ్ఏ ఉంది. తెలంగాణ యూనివర్సిటీ కాబట్టి స్థానికత లెక్క ముందే కనుక్కో. కడపలోనూ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఎన్ఐడీ లాంటివాటికి గట్టి ప్రవేశ పరీక్ష ఉంటుంది, ఒక ఏడాది పోయినా పర్లేదు.

ఇన్‌స్టిట్యూటే కావాలంటే, పోస్టర్ మీద నవ్వుతున్న కుర్రాణ్ణి కాదు, పోయినేడాది పాసైన నలుగురిని నువ్వే వెతికి మాట్లాడు. నేర్పేవాళ్లు ఏ సినిమాకి పనిచేశారో అడుగు. 'వంద శాతం ప్లేస్‌మెంట్' అంటే ఏ పనిలో, ఎంత జీతానికో కాగితం మీద రాసిమ్మను. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో కూడా. స్టూడియో వాళ్లు ట్రైనింగ్ ఫీజు అడిగితే అది ఉద్యోగం కాదు, ఇంకో ఇన్‌స్టిట్యూట్. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకు.

నాన్నగారికి ఈ కాలమ్ చదివి వినిపించు. డబ్బు వద్దనట్లేదు, నాలుగు నెలలు ఆగమంటున్నానని చెప్పు. బేలు ఎత్తే షాటు ముందు ఆయనకే చూపించు. ఎన్నేళ్లుగానో బేళ్లు ఎత్తిన మనిషి, నడుం తప్పుగా వంగితే ఇట్టే పట్టేస్తారు. ఆయన సరే అన్నాక నాకు పంపు.