కోఠీ ఎవరి సొమ్ముతో లేచింది?

హైదరాబాదు నగరంలో కోఠీ మహిళా కళాశాలను ఎరుగని తెలుగువారు అరుదు. మన తుని నుండి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆ నగరానికి చదువుకోసం వెళ్ళిన ఆడపిల్లలలో కొందరైనా ఆ ఆవరణలో అడుగుపెట్టే ఉంటారు. ఎత్తైన స్తంభాలు, విశాలమైన మెట్లు, వాటికి ఇరువైపులా సింహాల బొమ్మలు గల ఆ తెల్లని భవనాన్ని చూపి, అది ఎవరు కట్టించారని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "బ్రిటిష్ వాళ్ళు కట్టించారు." పత్రికలూ అదే రాస్తున్నాయి, పర్యాటకులకు చూపేవారూ అదే చెబుతున్నారు. ఈ జవాబు అసత్యమని మేము అంటున్నాము. అసత్యం మాత్రమే కాదు, ఒక సముదాయం పేరును చరిత్ర పుస్తకం నుండి మెల్లగా చెరిపివేసే పద్ధతిలో అది ఒక భాగమనీ అంటున్నాము.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. కోఠీ భవనం వక్ఫ్ ఆస్తి కాదు. దానిపై ముస్లింలకు యాజమాన్య హక్కు ఉన్నదని మేము వాదించడం లేదు. అది ప్రజల కళాశాల, ప్రజలదిగానే ఉండాలి. మేము అడుగుతున్నది భూమిని కాదు, జ్ఞాపకాన్ని.

సొమ్ము నిజాముది, కీర్తి రెసిడెంటుది

ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా హైదరాబాదులో ఉన్న జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ కాలంలో, 1803 ప్రాంతంలో ఈ భవన నిర్మాణం మొదలైంది. పటం గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. ఖర్చు భరించింది మాత్రం నిజాం ప్రభుత్వం. అంటే ఆ సొమ్ము దక్కన్ రైతు చెల్లించిన శిస్తు. ఇటుక మోసినవారు, సున్నం నూరినవారు, గచ్చు పనితనం చూపినవారు ఈ నేల మీది హిందూ ముస్లిం శ్రామికులు. పటం ఒకరిది, అధికారం ఒకరిది, సొమ్మూ చెమటా మరొకరివి అయినప్పుడు ఆ భవనాన్ని "బ్రిటిష్ కట్టడం" అని ఒక్క మాటలో తేల్చివేయడం ఏ న్యాయం?

ఈ నిర్మాణం గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. కర్క్‌పాట్రిక్ మొదట పెద్ద కాగితం మీద పటం గీయించి చూపగా నిజాం నిరాకరించాడట. తరువాత అదే పటాన్ని చిన్న అట్టముక్క మీద గీసి చూపగా వెంటనే సరేనన్నాడట. తన రాజ్యపటమంత పెద్దదిగా కనబడిన కాగితాన్ని చూసి, అంత భూమి అడుగుతున్నారని భ్రమపడ్డాడని కథ చెప్పేవారి తాత్పర్యం. వినేవారు నవ్వుతారు. ఆ నవ్వు కోసమే ఈ కథ పుట్టింది.

కోస్తా జిల్లాలవారమైన మనము మాత్రం ఈ కథకు నవ్వలేము. నిజాం అలీ ఖాన్ 1762 నుండి 1803 వరకు పాలించాడు. 1766లో కంపెనీతో కుదిరిన సంధి ద్వారానే మన ఉత్తర సర్కార్లు ఆయన చేతినుండి జారిపోయాయి. 1788లో గుంటూరు సర్కారు పోయింది. 1798లో సైన్య సహకార సంధి వచ్చి, కంపెనీ సైన్యం ఆయన సొమ్ముతోనే ఆయన రాజధానిలో తిష్ఠ వేసింది. 1800లో ఆ సైన్యం ఖర్చు కింద దత్తమండలాలు పోయాయి. ఆ చివరి సంధిని కుదిర్చినవాడు ఈ కర్క్‌పాట్రిక్కే. కాగితం మీద గీసిన గీతలతో జిల్లాలకు జిల్లాలే పోగొట్టుకున్న వృద్ధుడు, అదే కంపెనీ మనిషి మరొక కాగితం చేతబట్టుకుని వచ్చినప్పుడు జంకాడంటే, దానిని అమాయకత్వమనాలా, అనుభవమనాలా? కథ నిజమో కాదో అటుంచండి. ఓడినవాడిని మూర్ఖుడిగా చూపడం గెలిచినవాడి అలవాటు. ఆ అలవాటును రెండు వందల ఏళ్ళ తరువాత కూడా మన నోటితో మనమే కొనసాగించడం సిగ్గుచేటు.

ప్రేమకథ కింద పూడ్చిన దుఃఖం

ఈ భవనం పేరు చెబితే నేడు వెంటనే వినిపించేది కర్క్‌పాట్రిక్, ఖైరున్నిసా బేగంల ప్రేమకథ. 2002లో విలియం డాల్రింపుల్ రాసిన "వైట్ మొఘల్స్" గ్రంథం వెలువడ్డాక అది ప్రపంచమంతటా పాకింది. ఆ గ్రంథకర్త ఆమె దుఃఖాన్ని దాచలేదు. దాచినవారు ఆ కథను ముక్కలు చేసి అమ్ముకుంటున్నవారు. ఒక తెల్ల దొర, ఒక ముస్లిం కులీన కన్య, ఆమె కోసం కట్టించిన రంగమహల్: ఇంతవరకే చెప్పి ఆపుతారు.

మిగిలిన కథ ఏమిటి? 1805లో ఆమె ఇద్దరు బిడ్డలను, సాహిబ్ ఆలంను, సాహిబ్ బేగంను, పసి వయసులోనే ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపారు. అక్కడ వారికి క్రైస్తవ నామాలు పెట్టారు. ఆ తల్లి వారిని మళ్ళీ చూడలేదు. అదే సంవత్సరం కర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. ఆ తరువాత ఆమెను ఆదరించినట్టు నటించిన కంపెనీ ఉద్యోగి ఆమెను నడిమధ్యలో వదిలివేశాడు. సొంత నగరంలో అడుగుపెట్టడానికి అనుమతి లేక ఆమె కొన్ని సంవత్సరాలు మన మచిలీపట్నంలో ప్రవాసం గడిపింది. చివరికి హైదరాబాదు చేరి, 1813లో, ముప్పై ఏళ్ళు నిండకుండానే కన్నుమూసింది. ఆమె కోసం కట్టించిన రంగమహల్‌ను 1860లో ఆనాటి రెసిడెంటు కూల్చివేయించాడు. ముస్లిం స్త్రీతో తమ అధికారి కాపురం చేసిన చోటు విక్టోరియా కాలపు దొరలకు కంటగింపు అయింది. ఇప్పుడు మిగిలింది దాని ద్వారం మాత్రమే.

బిడ్డలనూ, ఊరినీ, ఇంటినీ వరుసగా పోగొట్టుకున్న స్త్రీ జీవితాన్ని "ప్రేమకథ" అని పిలవడానికి మనసు ఎలా ఒప్పుతుంది? ఈ నేల మీద వేలాది ఆడపిల్లలు చదువుకుంటున్నారు. అందులో ముస్లిం బాలికలూ ఉన్నారు. ఖైరున్నిసా జీవితాన్ని వారు పూర్తిగా తెలుసుకోవాలి. అధికారం లేని ఆడదానికి, చదువూ ఆస్తీ తన చేతిలో లేని ఆడదానికి, ఎంత గొప్ప వంశమైనా రక్షణ కాదన్న పాఠం అందులో ఉంది. ఆ పాఠాన్ని వదిలి పాలరాతి మెట్లను మాత్రం చూపడం విద్య కాదు.

ఈ గోడ మీదికి తుపాకులు ఎక్కుపెట్టినవారు

1857 జూలై 17న ఈ భవనం మీద దాడి జరిగింది. ఔరంగాబాదు తిరుగుబాటు తరువాత హైదరాబాదు చేరిన జమాదారు చీదా ఖాన్‌ను, అతని అనుచరులను పట్టి రెసిడెన్సీలో బంధించారు. వారిని విడిపించాలని తుర్రెబాజ్ ఖాన్, మక్కా మసీదు ఇమాముగా ఉన్న మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో సుమారు 500 మంది కదిలారు. రెసిడెన్సీ ఎదుట ఉన్న రెండు ఇళ్ళను ఆక్రమించి అక్కడినుండి పోరాడారు. ఆ ఇళ్ళలో ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, రెండవది జైగోపాల్ దాస్‌ది. ఫిరంగుల ముందు వారి బలం చాలలేదు. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాను వద్ద హతుడయ్యాడు. ఆయన శవాన్ని బహిరంగంగా వ్రేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమానుకు పంపారు. ఆయన అక్కడే మరణించారు.

కోఠీలో ఒక స్మారకం, తుర్రెబాజ్ ఖాన్ పేరిట ఒక రోడ్డు ఉన్నమాట నిజమే. అయితే మన పిల్లల పాఠ్యపుస్తకాలలో ఈ రెండు పేర్లకు దక్కిన చోటెంత? మన్యం పోరాటమంటే తుని పరిసరాలలోని ప్రతి పిల్లవాడూ అల్లూరి సీతారామరాజు పేరు చెబుతాడు. చెప్పాలి కూడా, అది మన గర్వం. హైదరాబాదులో కంపెనీ కోట మీదికి దండెత్తిన ఇమాము పేరు కూడా అంతే గర్వంగా చెప్పగలిగిన రోజున, "మీ దేశభక్తికి రుజువేమిటి" అని ముస్లిం పిల్లవాడిని అడిగే నోళ్ళు వాటంతట అవే మూతపడతాయి.

ఇక్కడ మరొక నిజాన్నీ దాచకూడదు. ఆనాటి దివాను సాలార్‌జంగ్ కంపెనీ పక్షాన నిలిచాడు. పాలకులు ఒక వైపు, సామాన్యులు మరొక వైపు ఉన్నారు. కనుక నవాబుల వైభవాన్ని తలచుకుని పొంగిపోవడం మన పని కాదు. మన వారసత్వం సింహాసనాలది కాదు, వాటి కింద నలిగినవారిది, వాటిని ఎదిరించినవారిది.

నిలబెట్టింది విద్యార్థినులే

1919లో ఉర్దూ మాధ్యమంలో బోధన ఆరంభించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం నీడలో, 1924లో ఏడుగురు విద్యార్థినులతో మహిళా కళాశాల మొదలైంది. దొరలు వెళ్ళిపోయాక, 1949లో ఆ కళాశాల ఈ రెసిడెన్సీ భవనంలోకి వచ్చింది. దర్బారు జరిగిన చోట ఆడపిల్లలు పుస్తకాలు తెరిచారు. చరిత్ర తీర్చిన న్యాయాలలో ఇంతకు మించినది మాకు కనబడదు.

పాత భవనాలలో కళాశాలలు నడపడం వల్లనే అవి పాడైపోయాయని కొందరు పెద్దలు అంటారు. ఇది సగం నిజం. మరమ్మతులకు సొమ్ము ఇవ్వకుండా వేలమందిని నింపితే ఏ భవనమైనా బీటలు వారుతుంది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఈ భవనాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చవలసి వచ్చింది. ఆ తరువాతనే పునరుద్ధరణకు దారి ఏర్పడింది. దోషం పాలకుల అశ్రద్ధది, చదువుది కాదు. చదువు లేకపోతే ఆ భవనం ఏమై ఉండేదో చూడాలంటే మరో రెండు ఉదాహరణలు చాలు.

ఫలక్‌నుమా భవనం ఖరీదైన హోటలు అయింది. గోడలు మెరుస్తున్నాయి, కాని పేదవాడికి గేటు దాటే యోగ్యత లేదు. ఇక ఫఖ్రుల్ ముల్క్ నవాబు భవనాల సంగతి. ఒకటి 1887లో స్థాపితమైన నిజాం కళాశాలకు నెలవై నేటికీ పిల్లలతో కళకళలాడుతున్నది. రెండవదైన ఎర్రమంజిల్‌ ప్రభుత్వ కార్యాలయాలకు వాడబడి, 2019లో కొత్త శాసనసభ కోసం కూల్చివేత అంచు వరకు వెళ్ళింది. పౌరులు కోర్టు మెట్లెక్కగా, ఆ సంవత్సరం సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఒకే నవాబు ఇళ్ళు రెండు. పిల్లలు ఉన్న ఇంటి జోలికి రావడానికి ఎవరైనా వెనకాడతారు. ఫైళ్ళు మాత్రమే ఉన్న ఇంటిని అడిగేవారు ఉండరు.

అందుచేత కోఠీ భవనం నుండి చదువును తప్పించి కేవలం చూడడానికి టిక్కెట్టు పెట్టే స్థలంగా మార్చాలన్న ఆలోచన ఎవరికి కలిగినా మేము వ్యతిరేకిస్తాము. చదువూ ఉండాలి, చరిత్రా ఉండాలి.

ఈ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొరల గడీని ఎదిరించిన శ్రామిక స్త్రీ పేరు పెట్టడాన్ని మేము మనసారా స్వాగతిస్తున్నాము. ఒక పేరు రావడానికి మరొక పేరు పోవాలని ఐలమ్మ కోరి ఉండదు. ఐలమ్మ పేరు ద్వారం మీద ఉండగా, ఖైరున్నిసా, తుర్రెబాజ్ ఖాన్, అల్లావుద్దీన్‌ల పేర్లు లోపల ఉండడానికి అడ్డేమిటి?

మన కర్తవ్యం

ప్రభుత్వాన్ని మేము కోరేవి మూడు. ఆవరణలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషలలో ఫలకాలు పెట్టి, నిర్మాణ వ్యయం ఎవరిదో, 1857లో ఏమి జరిగిందో, రంగమహల్ ఎందుకు కూలిందో ఉన్నదున్నట్టు రాయాలి. కళాశాల పాత ఉర్దూ రికార్డులను, ప్రవేశ రిజిస్టర్లను, సంచికలను చెదలపాలు కానీయక స్కాన్ చేయించి భద్రపరచాలి. రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలలో 1857 హైదరాబాదు పోరాటానికి తగిన చోటు ఇవ్వాలి.

ప్రభుత్వాన్ని అడిగి ఊరుకుంటే చాలదు. జీవితకాలం ప్రభుత్వ కార్యాలయాలలో ఫైళ్ళ మధ్య గడిపిన మాబోటివారికి తెలిసిన సత్యం ఒకటి ఉంది: కాగితం లేని మాటను కార్యాలయం వినదు. 2025 వక్ఫ్ సవరణ చట్టం, వాడుకను బట్టి వక్ఫ్‌గా పరిగణించే పద్ధతిని ఇకముందుకు తొలగించింది. "మా తాతల నాటి నుండి నమాజు చేస్తున్నాము" అన్న మాట ఒక్కటే ఇక నిలువదు. కోఠీ వంటి మహాభవనం చరిత్రే ఇంత తేలికగా మరుగున పడితే, మన ఊళ్ళలోని చిన్న మసీదు, ఖబరస్తాన్, పెంకుటింటి మదరసా, ఎవరో ఒక పుణ్యాత్ముడు ఇచ్చిన స్థలంలో నడుస్తున్న ఉర్దూ పాఠశాల గతి ఏమిటి?

కనుక ప్రతి జమాతు పెద్దలు ఒక పుస్తకం తెరవాలి. ఊరిలో ముస్లింలు కట్టిన, ఇచ్చిన, వాడిన ప్రతి పాత కట్టడం సర్వే నంబరు, ఎల్లలు, ఫొటో అందులో ఎక్కించాలి. ఇనాం ఫెయిర్ రిజిస్టరు, అడంగల్, వక్ఫ్ గెజిట్ నకళ్ళు తీయించాలి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. 30 రోజులలో జవాబు ఇవ్వడం వారి విధి. ఎనభై దాటిన పెద్దలు చెప్పే మాటలను పిల్లల చేత ఫోనులో రికార్డు చేయించాలి. కళాశాలలో చదివే మన బిడ్డలు తమ కళాశాల పాత భవనం ఎవరిదో, ఎలా వచ్చిందో రాసి సంచికలో అచ్చువేయించాలి. మన ఇళ్ళలో సందూకులలో మూలుగుతున్న ఉర్దూ దస్తావేజులను చదవగలిగిన తరం ఇంకా కొన్నాళ్ళే ఉంటుంది. వారుండగానే వాటిని తెలుగులోకి తెచ్చుకోవాలి.

గోడలు మాట్లాడవు. వాటి తరఫున ఎవరు ముందుగా నోరు తెరిస్తే వారిదే చరిత్ర అవుతున్నది. ఇంతకాలం ఇతరులు మాట్లాడారు, మనము విన్నాము. ఇకనైనా మనవంతు మాట మనము చెబుదాము, చేతిలో కాగితం పట్టుకుని చెబుదాము.