గోడలు లేపకముందే జనాన్ని నడిపించి చూడండి

అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి,

ఇకమీదట జిల్లాలో ఆసుపత్రి ఓపీ బ్లాకు గానీ, అర్జీల హాలు గానీ కట్టేముందు, ఆ ప్లానులో జనాన్ని కంప్యూటర్‌లో ఒకసారి నడిపించి చూడమని మనవి. గుంపులో ఒక్కో మనిషి ఎలా కదులుతాడో లెక్కగట్టే నమూనాను హెల్బింగ్, మోల్నార్ అనే పరిశోధకులు 1995లోనే ప్రకటించారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. ఇక ఇలా ముందే నడిపించి చూడటాన్ని దండగ ఖర్చని ఎలా అంటాం?

అయితే సాఫ్ట్‌వేర్‌కి మన ఎండ తెలియదు. మే నెలలో ఇక్కడ క్యూ గీత వెంబడి నిలవదు, నీడ వెంబడి జరుగుతుంది. రాయదుర్గం నుంచి తెల్లవారుజాము బస్సుకి వచ్చిన ముసలమ్మ వేపచెట్టు కింద కూలబడితే, చీటీ పట్టుకుని కోడలు వరుసలో ఉంటుంది. పేరు పిలిచేసరికి అత్త కోసం పరుగు, మళ్లీ వెనక్కి పరుగు. రోగి ఒకరైతే తోడు ఇద్దరు. చెప్పులన్నీ గుమ్మంలోనే. ఇవి లెక్కలోకి ఎక్కించకపోతే తెరమీద అంతా సాఫీగానే కనిపిస్తుంది.

ఇవన్నీ దగ్గరుండి చూసి రాసుకోవడానికి మన జేఎన్‌టీయూ సివిల్ విద్యార్థులను సోమవారం అర్జీల వేళకు పిలిపించండి. ప్లాను మీద సంతకం ఆ తర్వాతే పెట్టండి.

ఇట్లు,
అనంతపురం వాసి